లూయిజియానా చూడాలంటే బాటన్ రూజ్‌లో మొదలుపెట్టండి

లూయిజియానా అనగానే చాలామంది నేరుగా న్యూ ఆర్లిన్స్‌లో దిగి, బర్బన్ స్ట్రీట్‌లో రెండు రాత్రులు తిరిగి, పూసల దండలతో ఫోటోలు దిగి వచ్చేస్తారు. ఊరు గొప్పదే, కాదనను. కానీ దాన్ని చివరికి ఉంచుకోండి. అక్కడి జనం అర్థం కావాలంటే వాళ్లు ఎవరికి ఓటేశారో, ఎందుకేశారో ముందు తెలియాలి, అందుకని ముందు రాష్ట్ర రాజధాని బాటన్ రూజ్ వెళ్లండి.

అక్కడి క్యాపిటల్ (శాసనసభ) భవనం 34 అంతస్తులు, అమెరికా రాష్ట్రాల క్యాపిటళ్లలో అన్నిటికంటే ఎత్తైనది. ముందున్న మెట్ల మీద రాష్ట్రాల పేర్లు, అవి దేశంలో చేరిన వరసలో చెక్కారు, చదువుకుంటూ నిదానంగా ఎక్కండి. దీన్ని కట్టించింది హ్యూయీ లాంగ్. 1928లో గవర్నర్‌గా గెలిచి బడిపిల్లలకు ఉచితంగా పాఠ్యపుస్తకాలు ఇచ్చాడు, బురద దారులున్న చోట రోడ్లు, వంతెనలు వేయించాడు, అదే చేత్తో ప్రభుత్వ ఉద్యోగుల జీతాల్లోంచి పార్టీకి డబ్బు వసూలు చేశాడు. 1935 సెప్టెంబర్‌లో ఇదే భవనంలో అతని మీద కాల్పులు జరిగాయి, రెండు రోజులకు చనిపోయాడు. ఆ నడవా ఇప్పటికీ చూడొచ్చు, సమాధి ఎదురుగా తోటలోనే ఉంది. స్థానికులతో మాట్లాడేటప్పుడు అవినీతి దగ్గర మొదలుపెట్టకండి, ఆ రోడ్లూ వంతెనలూ ఎలా వచ్చాయో అడగండి, మిగతాదంతా వాళ్లే చెప్తారు.

తర్వాత 1991 గవర్నర్ ఎన్నికల గురించి చదవండి. ఒకపక్క తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ మాజీ నాయకుడు డేవిడ్ డ్యూక్, ఇంకోపక్క అవినీతి ఆరోపణలు వెంటాడుతున్న ఎడ్విన్ ఎడ్వర్డ్స్. ‘దొంగకే ఓటెయ్యండి, ఇది ముఖ్యం’ అని కార్లకి స్టిక్కర్లు అంటించుకుని మరీ జనం ఎడ్వర్డ్స్‌ని దాదాపు 61 శాతం ఓట్లతో గెలిపించారు. అతను తర్వాత నిజంగానే జైలుకెళ్లాడు. అయినా ఆ ఓటు సరైనదే అని నా అభిప్రాయం. మనవాళ్లకి బాగా తెలిసిన బాబీ జిందాల్ 2008 నుంచి 2016 దాకా గవర్నర్‌గా చేసిందీ ఇక్కడే.

ఇంకొకటి, ఇక్కడ మన జిల్లాల్లాంటి కౌంటీలుండవు, 64 పారిష్‌లుంటాయి, పారిష్ అంటే అసలు ఒక చర్చి పరిధి. ఫ్రెంచ్, స్పానిష్ పాలన నాటి క్యాథలిక్ వాసన అది.

అక్కడి నుంచి ఐ-10 హైవే మీద పడమరకి, అచఫలాయా చిత్తడినేల మీద సుమారు 18 మైళ్ల వంతెన దాటి లఫాయెట్ వైపు వెళ్లండి. ఇది కేజన్‌ల ప్రాంతం. 1755లో మొదలుపెట్టి బ్రిటిష్ వాళ్లు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా నుంచి తరిమేసిన ఫ్రెంచ్ కుటుంబాల్లో కొన్ని చివరికి ఇక్కడికి చేరాయి. ఒకప్పుడు బళ్లో ఫ్రెంచ్ మాట్లాడితే పిల్లల్ని శిక్షించేవాళ్లు, అందుకే పెద్దవాళ్లు ఆ భాషలో పాడుతుంటే శ్రద్ధగా వినండి. శనివారం పొద్దున్నే మామూ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్స్ లౌంజ్‌కి వెళ్తే అకార్డియన్, ఫిడేలు, డాన్సు అన్నీ ఒకే గదిలో దొరుకుతాయి. నల్లజాతి క్రియోల్‌ల జైడెకో సంగీతం కూడా వదలకండి, అందులో ఒకరు రేకు పలకని ఛాతీకి తగిలించుకుని గీకుతూ తాళం వేస్తారు.

వసంతంలో వెళ్తే క్రాఫిష్ (చిన్న ఎండ్రకాయ, రొయ్యల్లాంటి మంచినీటి జీవి) తినకుండా రావద్దు. కారం నీళ్లలో మొక్కజొన్న, బంగాళాదుంపలతో కలిపి ఉడికించి, పేపర్లు పరిచిన బల్ల మీద కుప్పగా పోస్తారు, అందరూ చుట్టూ నిలబడి తింటారు. తలా తోకా రెండు చేతుల్తో పట్టుకుని మెలితిప్పి లాగండి, తోక పెంకు ఒక చుట్టు ఒలిచి, చివర నొక్కితే కండ బయటికొస్తుంది. తలలోని రసం జుర్రుకోవడం మీ ఇష్టం, నేనైతే జుర్రుకోమంటాను. ఆ చేత్తో కళ్లు మాత్రం నలుపుకోకండి!

ఇప్పుడు న్యూ ఆర్లిన్స్. మార్డి గ్రా అనే పెద్ద కార్నివాల్ పండగ రద్దీ టెన్షన్ అనుకుంటే, ఆదివారాల్లో జరిగే సెకండ్ లైన్ ఊరేగింపుకి వెళ్లండి, బ్యాండు వెనక ఎవరైనా నడవొచ్చు, నాట్యం రాకపోయినా పర్లేదు. మార్చి 19, సెయింట్ జోసెఫ్ రోజు రాత్రి మార్డి గ్రా ఇండియన్లు వీధుల్లోకి వస్తారు. ఇండియన్లంటే మనవాళ్లు కాదు, అమెరికా ఆదివాసుల పేరు పెట్టుకున్న నల్లజాతి కుటుంబాల వాళ్లు, ఒక్కో పూసా చేత్తో కుట్టుకుంటూ ఏడాదంతా ఒక్క దుస్తు తయారుచేస్తారు, మరుసటి ఏడాదికి మళ్లీ కొత్తది కుడతారు. ఎదురుపడితే పక్కకి జరిగి దారివ్వండి, ఈకలు ముట్టుకోవద్దు, దగ్గరగా ఫోటో కావాలంటే ముందు అడగండి.