వేలు తీసే ముందు ఒకటి లెక్కపెట్టండి

మొన్నటి రెస్క్యూ డ్రిల్లులో గోడ నిజంది కాదు కాబట్టి సరిపోయింది. కూలేలా ఉన్న ఇల్లని చెప్పి దాని గుమ్మంలో నిలబెట్టిన కొత్త వాలంటీరు, వాకీటాకీలో "గోడ కదులుతోంది, లోపలికి రావద్దు" అన్నాడు. బయటివాళ్లకు వినిపించింది "గోడ కదులుతోంది, లోపలికి రా" అని. సాయానికి పిలుస్తున్నాడనుకుని ఇద్దరు పరుగెత్తారు. సెట్ బాగానే ఉంది. మాట్లాడినంతసేపూ నొక్కి ఉంచాల్సిన బటన్ మీంచి, మాట పూర్తికాకముందే అతని వేలు లేచిపోయింది, అంతే.

వానలు దగ్గరపడ్డాయి, కొత్తవాళ్లు చాలామంది చేరారు. సెట్ ఆన్ చేయడం, ఛానెల్ మార్చడం అరగంటలో వచ్చేస్తాయి, వాటి జోలికి పోను. ఈ వేలి సంగతే చెబుతాను.

మన భాషలో కాదు, లేదు, వద్దు అన్నీ వాక్యం చివరే ఉంటాయి. తొందరపడే వేలు తెంపేదీ ఆ చివరనే. మొదలు కూడా తెగుతుంది. బటన్ నొక్కాక అవతలి సెట్ మేలుకోవడానికి, మధ్యలో రిపీటర్ (మాటను అందుకుని మళ్లీ దూరానికి పంపే పరికరం) ఉంటే అది అందుకోవడానికి క్షణం పడుతుంది. కానీ మొదలు పోతే ఏదో పోయిందని తెలుస్తుంది, "మళ్లీ చెప్పండి" అంటారు. చివర పోతే మిగిలింది నిండు వాక్యంలాగే ఉంటుంది. ఎవరూ అడగరు.

అందుకని, నొక్కి ఒక ఊపిరి ఆగండి. మాట్లాడండి. "ఓవర్" అనండి. మనసులో ఒకటి లెక్కపెట్టి అప్పుడు వదలండి. ఓవర్ అనడం డాబు కోసం కాదు. అది చివర ఉంటే తెగినా తెగేది అదే, మీ "వద్దు" కాదు. ("ఓవర్ అండ్ అవుట్" మాత్రం సినిమాలకు వదిలేయండి. ఓవర్ అంటే ఇక మీరు చెప్పండి అని, అవుట్ అంటే మాట ముగిసిందని. రెండూ కలిపితే అర్థం లేదు.)

వీలైతే అసలు "వద్దు" లేకుండానే చెప్పండి. "లోపలికి రావద్దు" కాదు, "బయటే ఉండండి". "ఎక్కొద్దు" కాదు, "కిందే ఉండండి". ఎక్కడ తెగినా ఎవరి ప్రాణం మీదికీ రాదు.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచు, తొందర, కారణాలు చాలానే ఉన్నాయి. రేడియో కూడా ఒకటి. విమానాలకు ఆదేశాలిచ్చే కంట్రోల్ టవర్ "ఓకే" అని, కాస్త ఆగి "ఆగండి, నేను పిలుస్తాను" అంది. అదే క్షణంలో రెండో విమానమూ మాట్లాడింది. రన్‌వే మీద కదిలిన విమానంలో స్పష్టంగా వినిపించింది ఆ ఓకే ఒక్కటే, తర్వాత కీచుమనే శబ్దం.

కాబట్టి ఆదేశం విన్నవాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి. "సరే" చాలదు, "రోజర్" (విన్నాను అని) చాలదు. "బయటే ఉంటున్నాం" అనాలి. తప్పుగా విన్నారో లేదో అక్కడే తేలిపోతుంది.

ఇక మిగతావి:

మైకు నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో ఉండాలి. అరవకండి, మాట పగిలిపోతుంది.

సిగ్నల్ అందకపోతే నాలుగడుగులు జరగండి, ఎత్తుకు వెళ్లండి.

ఇరవై, అరవై రేడియోలో ఒకేలా వినిపిస్తాయి. రెండు సున్నా, ఆరు సున్నా అనండి.

యాంటెన్నా పట్టుకుని సెట్ మోయకండి. యాంటెన్నా లేకుండా బటన్ నొక్కకండి, సెట్ లోపల కాలిపోవచ్చు.

సెట్ మీద కూర్చోకండి. సీటుకీ నడుముకీ మధ్య బటన్ నొక్కుకుపోతే ఛానెలంతా మీ బండి ఇంజన్ మోతే, మిగతా జట్టంతా మూగ.

గ్యాస్ వాసన వస్తే బటన్ ముట్టుకోకండి. దూరంగా వచ్చి మాట్లాడండి.

గాయపడినవాళ్ల పేర్లు రేడియోలో చెప్పకండి.

ఎవరైనా ఎమర్జెన్సీ అన్నారా, మిగతావాళ్లంతా నోళ్లు మూయాలి.

వేలు. మళ్లీ చెబుతున్నా, ఒకటి లెక్కపెట్టాకే వేలు.

సెట్ తిరిగిచ్చేటప్పుడు ఛార్జర్‌లో పెట్టి, లైటు వెలిగిందో లేదో చూసి వెళ్లండి.