ఫిల్మ్ కర్వ్ వేస్తే ఫొటో పాడవుతోందా?

ఫిల్మ్ డేటాషీట్‌లోని డెన్సిటీ కర్వ్‌ను (ఎంత వెలుగు పడితే ఫిల్మ్ ఎంత నల్లబడుతుందో చూపే గీతను) పాయింట్లుగా దించుకుని డిజిటల్ ఫొటోకి వేస్తే చాలు, ఫిల్మ్ లుక్ వచ్చేస్తుందనుకున్నాను. వచ్చింది మాత్రం మజ్జిగలో ముంచి తీసినట్టున్న ఫొటో. తప్పు కర్వ్‌ది కాదు, నేను దానికిచ్చిన అంకెలది. 1890లో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది: అడ్డంగా ఎక్స్‌పోజర్ లాగరిథమ్, నిలువుగా డెన్సిటీ. అడ్డంగా 0.3 జరిగితే ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు.

సమస్య: ఫొటో పాలిపోయింది, నలుపు బూడిదలా ఉంది

కారణం: జేపెగ్ విలువలకి నేరుగా లాగ్ కట్టారు. జేపెగ్‌లో 128, 26 అనే రెండు పిక్సెళ్లు తీసుకోండి. అసలు వెలుగులో వాటి మధ్య తేడా దాదాపు 4.4 స్టాపులు. ఉన్న అంకెలకే లాగ్ కడితే 2.3 స్టాపులే కనిపిస్తుంది. అంటే సీన్ సగానికి నలిగాకే ఫిల్మ్ దగ్గరికి చేరింది.

పరిష్కారం: కెమెరా రా ఫైల్ నుంచి లీనియర్‌గా (వెలుగు రెట్టింపైతే అంకె కూడా రెట్టింపయ్యేలా) తీయండి. జేపెగ్ తప్ప వేరే దారి లేకపోతే ముందు ఎస్‌ఆర్‌జీబీ గామా (స్క్రీన్ కోసం జేపెగ్ అంకెల్ని వంచిన లెక్క) విప్పి, తర్వాత లాగ్ కట్టండి. సున్నాకి లాగ్ ఉండదు కాబట్టి చాలా చిన్న విలువ ఒకటి కలపండి.

ఫొటో పాలిపోకుండా చీకటిగా, గట్టిగా వస్తే చివర్లో ఎస్‌ఆర్‌జీబీ గామా మళ్లీ ఎక్కించడం మరిచారన్నమాట.

సమస్య: నెగెటివ్‌ని పాజిటివ్‌గా తిరగేస్తే చప్పగా ఉంది

నెగెటివ్ కర్వ్ వాలు (అది ఎంత నిటారుగా లేస్తుందో చెప్పే అంకె) సుమారు 0.6. కావాలనే అలా చప్పగా తయారు చేస్తారు, ఎందుకంటే దాని తర్వాత ప్రింట్ ఉంటుంది. డెన్సిటీని (మైనస్ గుర్తుతో) 10కి ఘాతంగా వేస్తే నెగెటివ్ గుండా దాటిన వెలుగు వస్తుంది. అదే ప్రింట్‌కి ఎక్స్‌పోజర్. కొడాక్ 2383 లాంటి ప్రింట్ ఫిల్మ్ కర్వ్ గుండా దాన్ని పంపండి. ప్రింట్ వాలు 2.5 అనుకుంటే, రెండూ గుణిస్తే మొత్తం 1.5 అవుతుంది. ప్రాణం వచ్చేది అక్కడే.

సమస్య: గ్రే కార్డ్ గ్రేగా లేదు

నన్ను ఎక్కువ సతాయించింది ఇదే. గ్రే కార్డ్ అంటే 18 శాతం వెలుగుని తిప్పికొట్టే తటస్థ బూడిదరంగు అట్ట. కలర్ నెగెటివ్‌కి నారింజ మాస్క్ ఉంటుంది. వెలుగు పడని చోట కూడా మూడు ఛానెళ్లకీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) మూడు డెన్సిటీలు, నీలానిది అన్నిటికన్నా ఎక్కువ. ఇది చూసి చాలామంది చేసే పనే నేనూ చేశాను: మూడు కర్వ్‌లనీ విడివిడిగా 0 నుంచి 1కి సాగదీశాను. గ్రే కార్డ్ కుదిరింది. కానీ వరండాలో కూర్చున్న తాతయ్య పంచె గులాబీ రంగుకి తిరిగింది, ఆయన వెనక నీడ ఆకుపచ్చకి తిరిగింది. సాగదీస్తే వాలులు మారిపోతాయి మరి.

పరిష్కారం: కర్వ్‌లని ముట్టుకోకండి. ప్రింట్ కర్వ్‌కి ముందు, లాగ్‌లో, ఒక్కో ఛానెల్‌కి ఒక్కో అంకె కూడండి లేదా తీసేయండి, 18 శాతం గ్రే తటస్థంగా వచ్చేదాకా. ల్యాబ్‌లో ప్రింటర్ లైట్లు చేసే పని ఇదే.

సమస్య: ఆకాశం మెత్తగా కరగడం లేదు

సెన్సర్‌లోనే కాలిపోయిన హైలైట్‌ని ఏ షోల్డరూ (కర్వ్ పైచివర మెల్లగా వంగే భాగం) తిరిగి తేలేదు. ఒక స్టాప్ తగ్గించి తీసి, లీనియర్‌లో 2తో గుణించి ఆ స్టాప్‌ని తిరిగి తెచ్చుకోండి.

ఆకాశంలో చారలు పడుతుంటే మాత్రం 8 బిట్లలో పని చేస్తున్నారేమో చూసుకోండి. చివరి సేవ్ దాకా 16 బిట్లు, వీలైతే ఫ్లోట్ (దశాంశ విలువలు).