టర్కీ పోపియెట్: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ఫ్రాన్స్‌లో మాంసం కొట్టుకు వెళ్తే అద్దాల వెనక దారం కట్టిన గుండ్రటి పొట్లాలు వరసగా పేర్చి కనిపిస్తాయి. వాటినే పోపియెట్ అంటారు. పల్చటి మాంసం ముక్కలో ఖీమా ముద్ద పెట్టి చుట్టి, నూలు దారంతో కట్టి, వెన్నలో వేయించి, వైన్‌లో సన్న సెగ మీద మగ్గిస్తారు. బొద్దుగా ఉండే ఆ రూపం వల్లే వీటికి 'తల లేని పిట్టలు' అనే పేరు కూడా వచ్చింది. దూడ మాంసంతో చేసేవాళ్లూ ఉన్నారు గాని, టర్కీ కోడి రొమ్ము ముక్కలతో ఖర్చు తక్కువ. చెడే అవకాశం మాత్రం టర్కీతోనే ఎక్కువ.

నలుగురికి నా లెక్క ఇది. ఒక్కోటి 120 గ్రాములుండే టర్కీ రొమ్ము ముక్కలు 4, కొవ్వున్న పంది ఖీమా 150 గ్రాములు, పాలలో నానబెట్టిన బ్రెడ్ స్లైసు ఒకటి, గుడ్డు పచ్చసొన ఒకటి. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయ, వెల్లుల్లి, పార్స్లీ. పైకి ఒక ఉల్లిపాయ, బటన్ పుట్టగొడుగులు 200 గ్రాములు, తీపి లేని తెల్ల వైన్ 150 మిల్లీలీటర్లు, కోడి స్టాక్ (కోడి ఎముకలు ఉడికించి వడకట్టిన నీళ్లు) కూడా 150 మిల్లీలీటర్లు, తైమ్ రెమ్మ, బే ఆకు.

మాంసం ఎండిపోయి పీచులా వస్తోంది

అందరికీ ఎదురయ్యే కష్టం ఇదే. కారణం మన వంట అలవాటులోనే ఉంది. కోడికూర, వేటమాంసం ఉడికేకొద్దీ మెత్తబడతాయని మన చేతికి తెలుసు. కాళ్లు, ఎముక చుట్టూ ఉండే మాంసంలో కొలాజెన్, అంటే కండను పట్టి ఉంచే ప్రోటీన్, ఎక్కువ. చాలాసేపు ఉడికితే అది కరిగి జిగురుగా మారుతుంది, అందుకే ఆ మెత్తదనం. టర్కీ రొమ్ములో కొలాజెనూ తక్కువే, కొవ్వూ తక్కువే. అక్కడ కరగడానికి ఏమీ లేదు. వేడి పెరిగేకొద్దీ కండ ముడుచుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తుంది, అంతే. మొదటిసారి నేను కూడా కోడికూర లెక్కలోనే పెద్ద మంట మీద ముప్పావుగంట తెర్లించాను. కోస్తే పొడి పీచులుగా విడిపోయింది. ఇంకాస్త ఉడికిస్తే మెత్తబడుతుందని మరో పావుగంట ఉంచాను, ఇంకా గట్టిపడింది.

చేయవలసింది ఇది. ద్రవం పోశాక గిన్నెలో పెద్ద బుడగలు రాకూడదు. అంచుల దగ్గర అప్పుడొకటి ఇప్పుడొకటి పైకి తేలితే చాలు. మూత పెట్టి 25 నుంచి 30 నిమిషాలు మగ్గనివ్వండి, మధ్యలో ఒకసారి తిప్పండి. లోపలి ముద్ద మధ్యలో థర్మామీటర్ 74 డిగ్రీల సెల్సియస్ చూపించగానే దించేయండి. ప్రెషర్ కుక్కర్ దీనికి బొత్తిగా పనికిరాదు. ఫ్రెంచి కసాయివాళ్లు పైన పల్చటి పంది కొవ్వు పొర చుట్టేది కూడా ఈ ఎండడాన్ని ఆపడానికే. పంది మాంసం తినని ఇళ్లలో వెన్న కొంచెం ఎక్కువ వేసి, ఐదేసి నిమిషాలకు పులుసును పైన గరిటెతో పోస్తుంటే చాలావరకు అదే పని జరుగుతుంది.

ఇప్పటికే ఎండిపోయి ఉంటే మళ్లీ పొయ్యి ఎక్కించకండి. అడ్డంగా పల్చని చక్రాలుగా కోసి, వేడి పులుసులో పది నిమిషాలు ఊరనివ్వండి.

రోల్ విచ్చుకుని ముద్ద బయటికొస్తోంది

సాధారణంగా ముద్ద ఎక్కువైతే ఇలా జరుగుతుంది. ముక్కకు 60 గ్రాములు, అంటే పెద్ద నిమ్మకాయంత, మించకూడదు. మాంసం వేడికి ముడుచుకుంటుంది, లోపలి ఖీమా ఉబ్బుతుంది. చోటు లేకపోతే ముద్ద పక్కలకు తోసుకొస్తుంది. ముక్క అంచుల్లో రెండు సెంటీమీటర్లు ఖాళీ వదిలి, ముందు రెండు పక్కలూ లోపలికి మడిచి, ఆ తర్వాత చుట్టండి. మడత ఉన్న వైపు కింద ఉండేట్టు పట్టుకుని, పార్సిల్ కట్టినట్టు దారాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పండి. బిగించి కడితే మాంసం తెగుతుంది, ముడి దగ్గర వేలి కొన దూరేంత వదులు ఉండాలి. దారం నూలుదే కావాలి. నైలాన్ వేడికి కరుగుతుంది. బాణలిలో వేసేటప్పుడు మడత వైపు ముందు కిందికి పెడితే అక్కడ అతుక్కుని మూసుకుపోతుంది.

తట్టేటప్పుడు చిరుగుతోంది

ముక్కను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి అప్పడాల కర్రతో మధ్య నుంచి అంచులకు నెమ్మదిగా తట్టండి. 5 మిల్లీమీటర్ల మందం చాలు. చిన్న చిరుగు పడితే మరో ముక్క చిన్నది కోసి లోపల అతికించండి. మాంసం కొట్టులో పీచుకు అడ్డంగా కోయమని అడగండి. పీచు వెంట కోసిన ముక్క తట్టినా లొంగదు, తిన్నా నమలడం కష్టం.

బాణలికి అతుక్కుంటోంది, రంగు రావడం లేదు

తడి మాంసం వేగదు, ఉడుకుతుంది. ఫ్రీజర్ నుంచి తీసినదైతే మరీ నీరు వదులుతుంది. కాగితంతో బాగా అద్ది, కొద్దిగా పిండి చల్లి, వెన్నతో పాటు ఒక చెంచా నూనె వేసి, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. వేసిన వెంటనే కదపకండి. అడుగు వేగితే దానంతటదే వదులుతుంది.

లోపలి ముద్ద రబ్బరులా లేదా పొడిపొడిగా ఉంది

కొవ్వులేని ఖీమాను చేత్తో ఎక్కువగా పిసికితే రబ్బరులా వస్తుంది. బ్రెడ్ మర్చిపోతే పొడిపొడిగా రాలుతుంది. పాలలో నానిన బ్రెడ్ తేమను పట్టి ఉంచుతుంది, అందుకే అది తప్పనిసరి. పంది మాంసం వద్దనుకుంటే కోడి తొడ ఖీమా తీసుకోండి, రొమ్ముది వద్దు. ఉప్పు సరిపోయిందో లేదో తెలియాలంటే ముద్దలో చిటికెడు వేయించి రుచి చూడండి. పచ్చిది నాలుక మీద పెట్టకండి.

ముద్దలో బేకన్ (ఉప్పు పట్టించి నిల్వ చేసిన పంది మాంసం) ముక్కలు కలిపితే ఉడికాక కూడా లోపల గులాబీ రంగు పోకపోవచ్చు. నిల్వ కోసం దానిలో కలిపే నైట్రైట్ అనే లవణం వల్ల అలా ఉంటుంది. రంగును నమ్మకుండా థర్మామీటర్‌నే నమ్మండి.

పులుసు పుల్లగా, నీళ్లగా ఉంది, లేదా విరిగింది

రోల్స్ వేగాక తీసి పక్కన పెట్టి, అదే గిన్నెలో ఉల్లిపాయ వేయించండి. ముందు వైన్ ఒక్కటే పోసి, అడుగున అంటుకున్నదంతా చెక్క గరిటెతో గీకుతూ సగానికి ఇగరనివ్వండి. అప్పటికి పచ్చి వాసన పోతుంది. తర్వాతే స్టాక్, రోల్స్. పుట్టగొడుగులు విడిగా వెన్నలో నీరు ఇగిరేదాకా వేయించి చివర్లో కలపండి, లేదంటే వాటి నీటితోనే పులుసు పల్చనవుతుంది. వైన్ వాడనివాళ్లు స్టాక్ రెట్టింపు చేసుకుని, దించాక కాస్త నిమ్మరసం పిండవచ్చు.

పులుసు చిక్కదనానికి చివర్లో క్రీమ్ కలిపితే, అది విరగడానికి పులుపూ, మరుగూ కలవడమే కారణం. తక్కువ కొవ్వు క్రీమ్ ఇంకా త్వరగా విరుగుతుంది. 30 శాతం కొవ్వున్న చిక్కటి క్రీమ్ కొని, మంట ఆపేశాక రెండు చెంచాలు కలపండి. విరిగినదాన్ని వడకట్టి, గరిటెడు తాజా క్రీమ్‌తో గట్టిగా గిలక్కొడితే చాలావరకు కలుస్తుంది.

వడ్డించే ముందు దారం కత్తెరతో కోసి తీసేయండి. పిల్లలున్న ఇంట్లో ప్రతి పళ్లెంలోనూ మరోసారి చూసుకోండి.