మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్ ప్రోగ్రామింగ్ – 4వ పాఠం: ప్రోగ్రామ్ నుంచి సింబల్ ప్రతిక్షేపణ

గత పాఠంలో ఐఈఏసిమ్ మెంబర్‌లో (సిస్టమ్ సెట్టింగులుండే పార్మ్‌లిబ్ లైబ్రరీలోని ఒక ఫైల్‌లో) సింబల్‌ను, అంటే వాడినచోట అసలు విలువగా మారే పేరును, నిర్వచించి, డిస్‌ప్లే సింబల్స్ కమాండ్‌తో దాని విలువను చూశాం. పార్మ్‌లిబ్ మెంబర్లలో సింబల్ స్థానంలో విలువను పెట్టే ప్రతిక్షేపణను మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్ తానే చేసిపెడుతుంది. మన ప్రోగ్రామ్ చదివే సొంత కంట్రోల్ కార్డుల (ప్రోగ్రామ్‌కు ఆదేశాలిచ్చే ఇన్‌పుట్ లైన్ల) విషయంలో మాత్రం అడిగితే తప్ప చేయదు. అలా అడగడానికి ఉన్న సర్వీసు పేరు ఏఎస్ఏఎస్‌వైఎంబీఎం. దీన్ని లింక్ మ్యాక్రోతో (వేరే ప్రోగ్రామ్‌ను పిలిచే అసెంబ్లర్ ఆదేశంతో) పిలవవచ్చు, ప్రత్యేక అధికారమేమీ అక్కర్లేదు.

పారామీటర్ లిస్టు రూపాన్ని ఏఎస్ఏఎస్‌వైఎంబీపీ అనే మ్యాక్రో ఇస్తుంది. ముందుగా ఆ లిస్టు మొత్తాన్ని సున్నాలతో నింపి, ఆ తరువాత మూల పాఠ్యం చిరునామా, దాని పొడవు, ఫలితం రావలసిన బఫర్ చిరునామా, ఆ బఫర్ పొడవు ఉన్న ఫుల్‌వర్డ్ (నాలుగు బైట్ల స్థలం) చిరునామా, రిటర్న్ కోడ్ కోసం కేటాయించిన ఫుల్‌వర్డ్ చిరునామా అందులో పెట్టాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. (యంత్రంలో ఇవన్నీ రోమన్ పెద్ద అక్షరాలే, ఇక్కడి లెక్కలు కూడా వాటివే.) మూల పాఠ్యం ఇది:

లాగ్.&సిస్‌నేమ్..డి&ఎల్‌వైవైఎంఎండీడీ

దీని పొడవు 23. సిస్టమ్ పేరు సిస్ఏ, తేదీ 2026 జనవరి 15 అయితే 16 అక్షరాల ఫలితం వస్తుంది:

లాగ్.సిస్ఏ.డి260115

రెండు చుక్కలు ఒక్కటయ్యాయి చూడండి. మొదటి చుక్క సింబల్ పేరు అక్కడితో ముగిసిందని చెప్పి తాను మాయమవుతుంది, రెండోది మాత్రమే డేటాసెట్ (మెయిన్‌ఫ్రేమ్ ఫైల్) పేరులో మిగులుతుంది. నేను మొదటిసారి రాసినప్పుడు ఒకే చుక్క పెట్టాను. సిస్ఏడి260115 అనే 11 అక్షరాల క్వాలిఫయర్ (పేరులో చుక్కల మధ్య ఉండే భాగం) తయారైంది. పరిమితి 8 కాబట్టి అలొకేషన్ (ప్రోగ్రామ్‌కు డేటాసెట్‌ను కేటాయించడం) విఫలమైంది. సర్వీసు మాత్రం నిక్షేపంగా సున్నా రిటర్న్ కోడ్ ఇచ్చింది, దాని దృష్టిలో తప్పేమీ లేదు మరి.

బఫర్ పొడవు ఉన్న ఫుల్‌వర్డ్‌కు రెండు పాత్రలు ఉన్నాయి. పిలిచేటప్పుడు అందులో బఫర్ సామర్థ్యం ఉంటుంది, తిరిగి వచ్చేసరికి ఫలితం అసలు పొడవు ఉంటుంది. కాబట్టి లూప్‌లో పిలిచే ప్రతిసారీ ఆ విలువను మళ్లీ నింపాలి. లేకపోతే మొదటి పిలుపులో 16కు దిగిన పొడవే రెండో పిలుపుకు సామర్థ్యంగా అందుతుంది. విలువ, ఆంపర్‌సాండ్‌తో కలిపిన సింబల్ పేరు కంటే పొడవు కాకూడదన్న పాత నియమం ప్రకారం బఫర్ మూల పాఠ్యమంత ఉంటే సరిపోయేది. ఇటీవలి వెర్షన్లలో 44 అక్షరాల విలువలకు కూడా వీలుంది కాబట్టి ఆ లెక్కను ఇప్పుడు నమ్మడం మంచిది కాదు.

తేదీ సింబల్‌కు ముందున్న ఎల్ అక్షరం స్థానిక సమయానికి గుర్తు, అది లేని రూపం గ్రీనిచ్ సమయాన్ని తీసుకుంటుంది. హైదరాబాదులో తెల్లవారుజామున 4 గంటలకు నడిచే పనికి ఆ రెండో రూపం వాడితే, గ్రీనిచ్‌లో అప్పటికి రాత్రి 10.30 మాత్రమే కాబట్టి, ముందు రోజు తేదీ పడుతుంది. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ఒకే పనిలో రెండు పేర్లను రెండు పిలుపులతో తయారుచేస్తే వాటి మధ్య సెకను మారవచ్చు, అందుకే ఒకసారి తీసుకున్న టైమ్‌స్టాంప్ చిరునామానే రెండింటికీ ఇవ్వాలి.

అభ్యాసం: పై పాఠ్యంలో &సిస్‌నేమ్ స్థానంలో &సిస్‌నేమ్(-2:2) (విలువలోని చివరి రెండు అక్షరాలు) పెట్టి, ఫలితాన్నీ దాని పొడవునూ ముందు కాగితం మీద రాసుకుని, తరువాత ప్రోగ్రామ్ నడిపి సరిచూడండి.