ఓడెక్కే ముందు పిల్లలతో రాయించిన జాబితా

బరంపురంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై చేరి, అక్కడ క్రూజ్ ఎక్కాం. పిల్లలకు 16, 13 ఏళ్లు.

– స్నేహాలు కావాలంటే టీన్ క్లబ్‌కి (ఓడలో ఈ వయసు పిల్లలు కలిసే చోటుకి) మొదటి సాయంత్రమే వెళ్లాలి. ఆలస్యమైతే జట్లు కట్టేసుకుంటారు. మావాడు సిగ్గుపడి గదిలోనే ముడుచుకున్నాడు. మర్నాడు పేక కట్ట పట్టుకెళ్తే గానీ ఎవరూ పలకరించలేదు. పెట్టెలో ఒక కట్ట వేసుకోండి.

– కీ కార్డే గది తాళం, అదే పర్సు; ఓడలో ఏం కొన్నా దాని మీదే. ఐస్‌క్రీమ్ కోసమైనా సరే, ఎవరి చేతికీ ఇవ్వొద్దు. గది నంబరు పైకి చెప్పొద్దు.

– ఎవరి గదికీ వెళ్లొద్దు. కలిసేది డెక్ మీదో, భోజనాల హాల్లోనో.

– ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. నడిసముద్రంలో ఓడ నెట్‌వర్క్ పట్టుకుందంటే బిల్లు చూసి నాన్నకు కళ్లు తిరుగుతాయి. ఫోన్ కలవదు కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో చీటీ రాసి మంచం మీద పెట్టండి.

– భద్రతా డ్రిల్ (ప్రమాదమొస్తే ఏం చేయాలో చూపించేది) అందరికీ తప్పనిసరి. కబుర్లు తర్వాత.

– రైలింగ్ ఎక్కి సెల్ఫీలు వద్దు.

– ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా కదా, అర్థం కాదులే అని ఎవరి మీదా ఒడియాలో గుసగుసలాడొద్దు. పక్క టేబుల్ వాళ్లది కటకే కావచ్చు!