రూట్ లేకుండా బ్యాకప్ – 4వ పాఠం: సుడో మిగిల్చిన తిప్పలు

ఈ రోజు కొత్త పాఠం మొదలుపెడదామనుకున్నాను. కానీ పోయినసారి చేసిన అభ్యాసంలో చాలామంది ఒకే గుంతలో పడ్డారు. మనం వాడే బ్యాకప్ ప్రోగ్రామ్ రెస్టిక్, రెండు ఫైళ్ల దగ్గర ‘పర్మిషన్ డినైడ్’ (చదివే అనుమతి లేదు) అనగానే కమాండ్ ముందు సుడో (రూట్‌గా, అంటే సిస్టమ్‌లో సర్వాధికారాలున్న యూజర్‌గా నడిపేది) తగిలించి మళ్లీ కొట్టారు. ఆ పూటకి పని అయిపోయింది. మర్నాడు సుడో లేకుండా నడిపితే రిపాజిటరీయే (బ్యాకప్‌లు దాచే చోటు) తెరుచుకోలేదు.

సుడోతో నడిపినప్పుడు కొత్తగా పుట్టిన ఇండెక్స్ (ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక), స్నాప్‌షాట్ (ఒక్కో బ్యాకప్ నమోదు) ఫైళ్లన్నీ రూట్ పేరు మీద పడ్డాయి. మీ యూజర్‌కి వాటిని చదివే హక్కు లేదు. రిపాజిటరీ ఫోల్డర్ మొత్తాన్ని చౌన్‌తో (ఓనర్‌ని మార్చే కమాండ్) మీ పేరు మీదకి తిప్పండి. హోమ్‌లో డాట్ క్యాష్ కింద ఉన్న రెస్టిక్ ఫోల్డర్ కూడా ఒకసారి చూడండి, కొన్ని మెషీన్లలో అదీ రూట్ చేతికి పోతుంది. అసలు ‘పర్మిషన్ డినైడ్’ వచ్చినప్పుడు కంగారు పడాల్సిన పనే లేదు. ఆ రెండు ఫైళ్లు వదిలేసి మిగతావన్నీ స్నాప్‌షాట్‌లోకి వెళ్లాయి. ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) 3 అంటే అర్థం అదే.

ఆ రెండు ఫైళ్లు కూడా కావాలంటే? బ్యాకప్‌కి రూట్ అధికారాలన్నీ అక్కర్లేదు, చదివే హక్కు ఒక్కటి చాలు. లైనక్స్‌లో రూట్ అధికారాల్లోంచి ఇలా విడదీసిన ఒక్కో హక్కుని కేపబిలిటీ అంటారు; దీని పేరు క్యాప్ డాక్ రీడ్ సెర్చ్ (మాటల మధ్య అండర్‌స్కోర్లు). రెస్టిక్ అనే యూజర్‌ని పెట్టి, రెస్టిక్ బైనరీని (నడిచే ప్రోగ్రామ్ ఫైల్) అతని హోమ్‌లో బిన్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. ఓనర్ రూట్, గ్రూప్ రెస్టిక్, పర్మిషన్ 750 (ఓనర్, గ్రూప్ తప్ప ఇంకెవరూ నడపలేరు). ఆఖర్న సెట్‌క్యాప్ (ఫైల్‌కి కేపబిలిటీ తగిలించే కమాండ్). కేపబిలిటీ పేరు వెనక ఈక్వల్, ప్లస్, ఈ, పీ.

‘ఆఖర్న’ అన్నాను, గమనించారా? సెట్‌క్యాప్ ముందు కొట్టి తర్వాత చౌన్ చేస్తే కేపబిలిటీ చప్పుడు లేకుండా ఎగిరిపోతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. మామూలుగా సీపీతో ఇంకోచోటికి కాపీ చేసినా పోతుంది. రెస్టిక్‌లోని సెల్ఫ్ అప్‌డేట్ కమాండ్‌తో అప్‌డేట్ చేస్తే కొత్త ఫైల్ వస్తుంది, దానికీ ఉండదు. నోసూయిడ్‌తో (ఫైళ్లకి తగిలించిన ప్రత్యేక అధికారాలని పట్టించుకోని ఆప్షన్) మౌంట్ చేసిన పార్టిషన్‌లో పెడితే, ఉన్నా పనిచేయదు. ఒకసారి అప్‌డేట్ చేశాక నేను గెట్‌క్యాప్ (ఫైల్‌కి ఏ కేపబిలిటీ ఉందో చూపే కమాండ్) కొట్టి చూసుకోలేదు. మూడు వారాల పాటు ఈటీసీలో (సిస్టమ్ సెట్టింగుల ఫోల్డర్) సగం ఫైళ్లు బ్యాకప్‌లోకి రాలేదు. లాగ్ నిండా కోడ్ 3 ఉంది. చదివినవాడు లేడు, అంతే.

750 బదులు 755 (ఎవరైనా నడపొచ్చు) పెట్టారో, ఆ మెషీన్‌లో లాగిన్ ఉన్న ఎవరైనా పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైల్‌ని తన సొంత రిపాజిటరీలోకి బ్యాకప్ చేసుకుని తీరిగ్గా చదువుకోవచ్చు.

నేనైతే ఇప్పుడు సెట్‌క్యాప్ జోలికే పోవడం లేదు. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులని నడిపేది) సర్వీస్ ఫైల్‌లో యూజర్ రెస్టిక్ అని రాసి, ఆంబియెంట్ కేపబిలిటీస్ లైన్‌లో ఇదే కేపబిలిటీ పేరు ఇస్తాను, అప్పుడు హక్కు ఫైల్‌కి కాకుండా నడిచే సర్వీస్‌కి వస్తుంది. బైనరీ ఎన్నిసార్లు మారినా గొడవ లేదు. ఆ సర్వీస్‌ని వేళకి నడిపే టైమర్ రాయడం మీకు వచ్చే ఉంటుంది.

అభ్యాసం: రూట్ పేరు మీద, 600 పర్మిషన్‌తో (ఓనర్ మాత్రమే చదవగలడు) ఒక ఫైల్ పెట్టి, రెస్టిక్ యూజర్‌గా బ్యాకప్ తీయండి. అదే యూజర్‌గా టెంప్ ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి, ఇప్పుడు దాని ఓనర్ ఎవరో చూడండి. చదివే హక్కు మాత్రమే ఇచ్చాం కదా, ఓనర్ అలా ఎందుకు వచ్చాడో రెండు ముక్కల్లో రాసుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే.