పిల్లల చేతికి కెమెరా: ఇంట్లో నేర్పేటప్పుడు వచ్చే చిక్కులు, విరుగుడు

సెలవుల్లో పిల్లలకు ఫొటోలు, చిన్న చిన్న వీడియోలు తీయడం నేర్పుదామని కూర్చుంటే మొదట్లో అన్నీ తేడాగానే వస్తాయి. కొత్త ఫోన్ కొనాల్సిన పనేం లేదు. తప్పు చాలావరకు వెలుతురులోనో, నిలబడ్డ చోటులోనో ఉంటుంది. బాగోలేదని ఫోన్ లాక్కుని మీరు తీసి చూపించకండి. కారణం పిల్లలే కనిపెట్టాలి.

గోదావరి గట్టు మీద తాతయ్య మొహం నల్లగా వస్తోంది

వెనక ఆకాశం, నీళ్లు మెరుస్తుంటే ఫోన్ ఆ వెలుగుకి తగ్గట్టు బొమ్మ మొత్తాన్నీ చీకటి చేసేస్తుంది. తెర మీద మొహం దగ్గర నొక్కి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును పైకి జరపమనండి. అంతకన్నా తేలిక, తాతయ్యని వెలుగు వైపు తిప్పడం. మిట్టమధ్యాహ్నం కొబ్బరిచెట్ల కింద మాత్రం వద్దు, మొహమంతా ఎండ మచ్చలు పడతాయి. ఇంటి అరుగు నీడే మేలు.

పూతరేకు తెల్ల మరకలా ఉంది

ఇది పై సమస్యకి సరిగ్గా తిరగేసినది. ఆత్రేయపురంలో రేకులు తీసే చోట బోర్లించిన కుండ ముదురు రంగులో ఉంటుంది, చుట్టూ నీడ. ఫోన్ ఆ చీకటిని చూసి వెలుతురు పెంచేస్తుంది. దాంతో రేకు మీది సన్నటి ముడతలన్నీ మాయం. ఈసారి రేకు మీద నొక్కి, సూర్యుడి గుర్తును కిందికి లాగాలి. కుండ ఇంకాస్త నల్లబడినా పర్వాలేదు. గుమ్మంలోంచి వెలుగు పక్కగా పడేలా కూర్చుంటే రేకు అంచు, పైకి లేచే ఆవిరి కూడా కనిపిస్తాయి.

పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద లాగడం రెప్పపాటులో అయిపోతుంది. అందుకని కుండ మీద వేలు కాసేపు నొక్కిపెట్టి ఫోకస్ లాక్ చేసి (అంటే ఫోన్ చూపు కుండ మీదే నిలిచేలా చేసి), గుడ్డ రాకముందే రికార్డింగ్ మొదలుపెట్టాలి. పిల్లల్ని పొయ్యికి దూరంగా కూర్చోబెట్టండి.

పంటు వెళ్తోందో, వెనక్కి వస్తోందో తెలియట్లేదు

కోటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కాక మీ అమ్మాయి ఒక షాట్ ఈ పక్క నుంచి, ఇంకో షాట్ అటు పక్కకెళ్లి తీసి ఉంటుంది. మొదటిదాంట్లో పంటు కుడికి పోతుంది, రెండోదాంట్లో ఎడమకి. ఒకే పక్క ఉండి తీస్తే సరి. పక్క మారక తప్పకపోతే మధ్యలో ఎదురుగా వచ్చే నీళ్లని తిన్నగా ఒక షాట్ తీసి పెట్టండి.

ట్యూబ్‌లైటు కింద వీడియోలో చారలు

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపుకి రెండుసార్లు చొప్పున ఆ లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, కెమెరాకి దొరికిపోతుంది. ఫోన్‌లో వీలుంటే షటర్ (ఒక్కో బొమ్మకి వెలుగుని లోపలికి రానిచ్చే సమయం) 1/50 లేదా 1/100 సెకను పెట్టండి. లేదంటే పగలు కిటికీ పక్కన తీయండి.

మాట వినపడట్లేదు, అంతా గాలి హోరే

మైకు ఫోన్‌లో ఉంది, మాట్లాడేవాళ్లేమో దూరంగా ఉన్నారు. ఇంట్లో ఇంకో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి తాతయ్య చొక్కా జేబులో పెట్టండి. షాట్ మొదట్లో కెమెరాకి కనిపించేలా ఒక్కసారి చప్పట్లు కొట్టిస్తే, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర బొమ్మనీ మాటనీ కలుపుకోవచ్చు.